చలికాలంలో కుక్కతో జియోక్యాషింగ్: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. చలి ముదురుతోంది, కుక్కని వెంటబెట్టుకుని జియోక్యాషింగ్‌కి వెళ్లొచ్చా, వెళితే ఏమేం చూసుకోవాలి అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి జరిపి ఈ శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. కొన్ని జవాబులు బాగా పొడుగయ్యాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్, మా పక్కింటివాళ్లు సెలవు రోజున కుక్కని తీసుకుని, ఫోన్ చూసుకుంటూ చెట్లల్లో ఏదో వెతుకుతుంటారు. అడిగితే జియోక్యాషింగ్ అన్నారు. మా కుక్కకి రోజూ అదే వీధి, అదే నడక. మేమూ మొదలుపెడదామనుకునేసరికి చలికాలం వచ్చేసింది. ఎండలు వచ్చేదాకా ఆగమంటారా?

జవాబు: ఆగక్కర్లేదు, కాకపోతే మొదటిరోజే అడవిలోకి పరుగెత్తకండి.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎవరో ఒక చిన్న డబ్బాని బయట ఎక్కడో, చెట్టు తొర్రలోనో రాళ్ల సందులోనో దాచి, ఆ చోటు జీపీఎస్ అంకెల్ని జియోక్యాషింగ్ యాప్‌లో పెడతారు. మనం వెళ్లి వెతికి, లోపలున్న లాగ్‌బుక్‌లో పేరూ తేదీ రాసి, డబ్బాని ఎలా ఉన్నదాన్ని అలాగే అక్కడే పెట్టి వచ్చేయాలి. ఇది మొదలైంది 2000 మే నెలలో. అప్పటిదాకా మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌ని అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత చెడగొట్టి వదిలేది, అసలు చోటుకీ అది చూపించే చోటుకీ 100 మీటర్ల దాకా తేడా ఉండేది. ఆ నెల మొదట్లో ఆ అడ్డు తీసేశారు. వెంటనే మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్ దాచి దాని అంకెల్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా కలిపి 30 లక్షలకు పైగా డబ్బాలున్నాయి.

చలికాలంలో దీనికి కొన్ని లాభాలు కూడా ఉన్నాయి. ఆకులు రాలిన చెట్ల కింద సిగ్నల్ మెరుగ్గా అందుతుంది, ఆకుల చాటున దాచిన డబ్బా దూరం నుంచే కనబడిపోతుంది, దారుల్లో జనం తక్కువ కాబట్టి వేరే కుక్కని చూస్తే రెచ్చిపోయే కుక్కకి కూడా హాయిగా ఉంటుంది. నష్టమల్లా నేలమీద దాచినవి మంచు కురిస్తే దాని కింద పడిపోవడం.

కాబట్టి బయలుదేరే ముందు ఇంట్లోనే కూర్చుని యాప్‌లో ఆ డబ్బా పేజీ మొత్తం చదవండి. టెరెయిన్ అని 1 నుంచి 5 దాకా ఒక అంకె ఉంటుంది, దారి ఎంత కష్టమో చెప్పేది అదే. కుక్కతో, అందులోనూ చలిలో, మొదట్లో 2 దాటకండి. పేజీలో చిన్న చిన్న బొమ్మలుంటాయి. కుక్క బొమ్మ ఉంటే తీసుకెళ్లొచ్చని, దానిమీద అడ్డగీత ఉంటే వద్దని అర్థం. మంచురేకు బొమ్మ ఉంటే చలికాలంలో కూడా దొరుకుతుందని. అయితే ఈ బొమ్మలు పెట్టేది డబ్బా దాచినవాళ్లు, అదీ చాలాసార్లు దాచిన రోజునే పెట్టి ఊరుకుంటారు, అందుకని వాటినొక్కదాన్నే నమ్ముకోకుండా కింద జనం రాసిన లాగ్‌లు చూడండి. నిన్నా మొన్నా రాసినవే కాదు, బాగా కిందికి వెళ్లి పోయినేడాది, అంతకుముందేడాది చలికాలంలో ఎవరైనా దాన్ని కనుక్కున్నారా అని చూడండి. డిసెంబరు, జనవరి తేదీలతో 'దొరికింది' అనే లాగ్‌లు ఉన్నాయంటే సగం పని అయిపోయినట్టే. హింట్‌లో, అంటే దాచినవాళ్లు ఇచ్చే చిన్న ఆధారంలో, 'కంటి ఎత్తులో' అనో 'కొమ్మకి వేలాడుతోంది' అనో ఉంటే వెళ్లండి. 'దుంగ కింద', 'రాతి కింద' అని ఉంటే మాత్రం మంచు కరిగేదాకా పక్కన పెట్టేయండి.

ఎర్త్‌క్యాష్ అని ఇంకో రకం ఉంది, అందులో డబ్బానే ఉండదు. ఒక రాతి పొర దగ్గరికో జలపాతం దగ్గరికో వెళ్లి, అక్కడ చూసినదాన్నిబట్టి పేజీలో అడిగిన ప్రశ్నలకి జవాబు పంపాలి. తవ్వేదీ తీసేదీ ఏమీ లేదు కాబట్టి కుక్కతో చలికాలం మొదలుపెట్టేవాళ్లకి నేను ముందు దీన్నే చెబుతాను.

ప్రశ్న: మాది పొట్టి వెంట్రుకల కుక్క, నాలుగేళ్లది, బక్కపల్చన. ఎన్ని డిగ్రీల దాకా బయటికి తీసుకెళ్లొచ్చు? అడిగినవాళ్లల్లా ఒక్కో అంకె చెబుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అందరూ ఒక్కో అంకె చెప్పడానికి కారణముంది, అన్ని కుక్కలకీ పనికొచ్చే అంకె లేదు. సైబీరియన్ హస్కీ, సమోయెడ్ లాంటివాటికి ఒంటిమీద రెండు పొరల బొచ్చు, కింద మెత్తటి ఉన్ని లాంటిది, పైన తడిని ఆపే పొడుగాటి వెంట్రుకలు. గ్రేహౌండ్‌కి ఆ కింది పొర దాదాపు ఉండదు, ఒంట్లో కొవ్వూ తక్కువే. చివావా లాంటి చిట్టి కుక్కలు, పిల్లలు, ముసలివి, జబ్బుపడి లేచినవి చలికి ముందుగా లొంగిపోతాయి. పైగా థర్మామీటర్ ఒక్కటే చూస్తే చాలదు. గాలి లేని పొడి చలిలో హుషారుగా తిరిగే కుక్కే, దానికంటే వెచ్చటి రోజున సన్నటి వానలో తడిస్తే గడగడా వణుకుతుంది, ఎందుకంటే తడిసిన బొచ్చు వేడిని పట్టి ఉంచలేదు.

ఇంతవరకు మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలుచుకున్నది ఇంకొకటుంది. జియోక్యాషింగ్‌లో కుక్కకి చలి పట్టేది నడకలో కాదు, నిలబడటంలో. నడుస్తున్నంతసేపు దాని కండరాలే దానికి వేడి పుట్టిస్తాయి. మనం డబ్బా ఉన్న చోటికి చేరాక ఏం చేస్తాం? ఫోన్ చూస్తాం, చెట్టు చుట్టూ తిరుగుతాం, వంగుతాం, హింట్ మళ్లీ చదువుతాం. మన బుర్ర వెతుకులాటలో ఉంటుంది కాబట్టి మనకి టైమూ తెలీదు, చలీ తెలీదు. ఆ సేపంతా లీష్ (కుక్కని పట్టుకునే తాడు) రెండో చివర కుక్క మంచులో కదలకుండా నిలబడి ఉంటుంది, అప్పటిదాకా నడిచి నాలుక బయటపెట్టి రొప్పిన కుక్క, కడుపు కింద తడిసిన బొచ్చుతో. మామూలు వాకింగ్‌లో ఇలాంటి ఆగుళ్లు ఉండవు. అందుకే 'రోజూ గంటసేపు నడుస్తుంది, దీనికేం కాదు' అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

కాబట్టి డిగ్రీలు అడగడం మాని, ఆగినప్పుడు దాన్ని చూడటం అలవాటు చేసుకోండి. చలి ఎక్కుతున్న కుక్క ముందు బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటుంది. తర్వాత ముందుకాలు ఒకటి ఎత్తి గాల్లోనే పెట్టుకుంటుంది, దించుతుంది, రెండోది ఎత్తుతుంది. తోక లోపలికి ముడుస్తుంది, నడుము విల్లులా వంగుతుంది, మీ కాళ్లకి ఆనుకుంటుంది. కొన్ని కుక్కలు సన్నగా మూలుగుతాయి, కొన్ని వచ్చిన దారి వైపే మొహం పెట్టి నిలబడతాయి. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా వెతకడం ఆపేసి కదలండి, డబ్బా కళ్లముందే ఉందని అనిపిస్తున్నా సరే. వణుకు మొదలైతే ఇంటికే.

ఇంకో ముఖ్యమైన సంగతి. వణుకుతున్న కుక్క వణుకు ఆపేసి, మందకొడిగా, తూలుతూ, నిద్రమత్తులో ఉన్నట్టు ఉంటే అది కుదుటపడినట్టు కాదు, పరిస్థితి చేయిదాటుతున్నట్టు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల చిల్లర ఉంటుంది. 37 కంటే కిందికి జారితే అల్పోష్ణస్థితి మొదలైనట్టే, వెంటనే పొడి దుప్పటిలో చుట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. చెవుల చివర్లు, తోక చివర, పాదాలు పాలిపోయి లేదా నీలంగా మారి గట్టిపడి చల్లగా తగిలితే ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతినడం) అయి ఉండొచ్చు. అలాంటి చోట చేత్తో రుద్దొద్దు, హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డ నెమ్మదిగా ఆనించండి చాలు, మిగతాది డాక్టర్ చూసుకుంటారు. కొన్నిసార్లు ఆ దెబ్బ బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి ఆ రోజుకి బాగానే ఉందని వదిలేయకండి.

మీ కుక్కకి కోటు తప్పనిసరి, అనుమానం అక్కర్లేదు. పొట్ట కింద కూడా కప్పేది, తడి పట్టనిది చూసుకోండి. బ్యాగులో యోగా మ్యాట్ ముక్క ఒకటి, కుక్క నాలుగు కాళ్లూ పట్టేంతది, కోసి పెట్టుకోండి. ఆగినచోట అది పరిచి దానిమీద నిలబడటం నేర్పితే కింది నుంచి వచ్చే చలి చాలావరకు ఆగిపోతుంది. నా మట్టుకు నేను డబ్బా చోటికి చేరగానే ఫోన్‌లో పది నిమిషాలకి అలారం పెడతాను. అది మోగితే, దొరికినా దొరక్కపోయినా, కాసేపు చకచకా నడిపించి ఒళ్లు వెచ్చబడ్డాకే మళ్లీ వెతుకుతాం. ఇద్దరు మనుషులు వెళ్లగలిగితే మరీ మంచిది, ఒకరు వెతుకుతుంటే ఇంకొకరు కుక్కని నడిపిస్తుంటారు.

ప్రశ్న: మా వాడికి పాదాల బొచ్చు ఎక్కువ. మంచులో నడిస్తే వేళ్ల మధ్య గోళీకాయలంత మంచు గడ్డలు కడుతున్నాయి, కుంటుతాడు, కూర్చుని కొరుక్కుంటాడు. బూట్లు కొంటే వేసుకున్న ఐదు నిమిషాలకే విదిలించి పారేశాడు. ఏం చేయమంటారు?

జవాబు: కుక్క పాదానికి చలిని తట్టుకునే ఏర్పాటు పుట్టుకతోనే ఉంది. పాదంలోకి వెచ్చటి రక్తాన్ని తెచ్చే నాళాలూ, చల్లబడ్డ రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే నాళాలూ పక్కపక్కనే అల్లుకుని ఉంటాయి, వచ్చేది పోయేదానికి వేడి అందిస్తుంది. అందుకే మనం చెప్పుల్లేకుండా నిలబడలేని చోట అది నిలబడగలదు. మీవాడి బాధ చలి వల్ల కంటే ఆ గడ్డల వల్ల. వేళ్ల మధ్య బొచ్చు లాగుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది.

అరికాలి మెత్తల మధ్య పెరిగిన బొచ్చుని మెత్తల మట్టానికి కత్తిరించండి, అంతకంటే లోపలికి వెళ్లొద్దు. బయలుదేరే ముందు కుక్క పాదాలకని అమ్మే మైనం వేళ్ల మధ్యకి వెళ్లేలా రాయండి. గడ్డ కట్టినప్పుడు లాగకండి, మీ అరచేతిలో పాదాన్ని పట్టుకుంటే ఆ వేడికి కరిగి జారిపోతుంది. డబ్బా దగ్గర ఆగిన ప్రతిసారీ నాలుగు పాదాలూ చూడటం ఆ ఆగుడులో భాగం చేసుకోండి.

బూట్ల విషయంలో మీరు తొందరపడ్డారు, అంతే. ఇంట్లో ఒక్క పాదానికి ఒక్క నిమిషం వేసి, తినడానికేదైనా పెట్టి, తీసేయండి. తర్వాత రెండు పాదాలకి. అలా వారం పదిరోజులు సాగదీస్తే చాలా కుక్కలు ఒప్పుకుంటాయి. ససేమిరా అంటే మైనంతోనే సరిపెట్టుకోండి.

అసలు ప్రమాదం అడవిలో కంటే పార్కింగ్ స్థలంలో ఎక్కువ. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, కాల్షియం క్లోరైడ్ లాంటివి పగుళ్లలోకి వెళ్లి మంట పుట్టిస్తాయి, నాకితే వాంతులు అవుతాయి. కారు ఎక్కించే ముందు పాదాలు నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో వేళ్ల మధ్య కూడా తుడవండి. ఇంకా భయపడాల్సింది ఇంజన్ నీళ్లు గడ్డకట్టకుండా కార్లలో పోసే యాంటీఫ్రీజ్‌కి. అందులో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కారిన చోట కుక్క ఇష్టంగా నాకేస్తుంది, కొంచెమైనా ప్రాణం తీస్తుంది. ముందు తాగినట్టు తూలుతుంది, వాంతి చేసుకుంటుంది, నీళ్లు విపరీతంగా తాగుతుంది. ఆ తర్వాత కొన్ని గంటలు బాగుపడినట్టే కనిపిస్తుంది, కానీ ఆ సమయంలోనే కిడ్నీలు దెబ్బతింటూ ఉంటాయి. విరుగుడు మందు ఉంది, అయితే మొదటి కొన్ని గంటల్లో ఇస్తేనే పనిచేస్తుంది. నాకిందేమో అని అనుమానం వస్తే చాలు, లక్షణాల కోసం ఎదురుచూడకుండా డాక్టర్ దగ్గరికి బయలుదేరండి.

ప్రశ్న: మా కుక్క నాకంటే ముందే డబ్బా కనిపెట్టేస్తోంది! కాకపోతే గోళ్లతో నేలంతా తవ్వి డబ్బాని నోట కరుచుకుని తెస్తుంది. ఒకసారి మూత కూడా నమిలేసింది. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు కానీ నాకు ఇది సరికాదేమో అనిపిస్తోంది.

జవాబు: మీకు అనిపించిందే నిజం, ఆపించండి. దాని ముక్కుని మాత్రం వాడుకోవచ్చు.

డేవ్ ఉల్మర్ దాచిన ఆ మొట్టమొదటి బకెట్‌ని సగం నేలలో పాతిపెట్టారు, అందులో చిక్కుడు గింజల డబ్బా కూడా ఒకటి పెట్టారు. ఇవాళ ఆ రెండూ నిషిద్ధం. దాచడానికి గానీ వెతకడానికి గానీ నేల తవ్వకూడదు, తినే వస్తువులు లోపల పెట్టకూడదు, ఎందుకంటే వాసనకి జంతువులు వచ్చి డబ్బాని ముక్కలు చేస్తాయి. అంటే డబ్బా నేలలో పాతిపెట్టి ఉండదు కాబట్టి కుక్క తవ్వాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. చలికాలంలో ఇది మరీ ముఖ్యం. ఆకులు, దుంగలు, నాచు కింద చిన్న చిన్న ప్రాణులు చలినుంచి తలదాచుకుని ఉంటాయి, ఆ కప్పు లేపేస్తే అవి బతకవు. పైగా చలికి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, ఎండాకాలంలో పంటిగాట్లతో పోయే మూత ఇప్పుడు ముక్కలవుతుంది, ఆ ముక్కలు దాని పొట్టలోకి వెళితే ఇంకో గొడవ.

నేర్పడం ఇలా. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని మీ చేతుల్లో బాగా నలపండి. ముందు గదిలో కనిపించేలా పెట్టండి. అది ముక్కు పెట్టిన క్షణంలోనే మెచ్చుకుని, మీ చేతిలోంచి తాయిలం ఇవ్వండి, డబ్బాలోంచి మాత్రం ఎప్పుడూ వద్దు. డబ్బాలో తిండి ఉంటుందని ఒక్కసారి అర్థమైతే ఇక ప్రతి డబ్బా మూతా నములుతుంది. తర్వాత ముక్కు పెట్టి కూర్చుంటేనే ఇవ్వండి. ఆ తర్వాత కుర్చీ వెనక, తలుపు చాటున, ఆరుబయట. కాలు విసిరి గీకిందంటే మారుమాట్లాడకుండా డబ్బా తీసేసి ఒక్క నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తిట్టక్కర్లేదు, ఆట ఆగిపోవడమే దానికి చాలు. బయట వెతికేటప్పుడు పొట్టి లీష్ మీద ఉంచండి, కూర్చుందంటే తీసేది మీరు. చల్లటి రోజుల్లో వాసనలు పైకి లేవడం తక్కువ, అందుకని నేలకి దగ్గరగా నెమ్మదిగా వెతకనివ్వండి.

నమిలేసిన ఆ మూత సంగతి డబ్బా దాచినవాళ్లకి రాసి చెప్పండి. మూత లేని డబ్బాలోకి తడి చేరి లాగ్‌బుక్ ముద్దైపోతుంది, ముందే తెలిస్తే వాళ్లు వెళ్లి మార్చుకుంటారు.

ప్రశ్న: చలిలో ఫోన్ నలభై శాతం దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయింది. పెన్ను రాయలేదు. డబ్బా మూత రాలేదు. కుక్క నీళ్ల సీసా గడ్డకట్టింది. దీనికి ఏమైనా ఉపాయం ఉందా?

జవాబు: ఉంది. ఫోన్‌ని బ్యాగులో కాక లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి, అవసరమైనప్పుడే తీయండి. లిథియం అయాన్ బ్యాటరీ చల్లబడితే అందులో ఛార్జ్ ఉన్నా బయటికి ఇవ్వలేదు, వెచ్చబడితే మళ్లీ లేస్తుంది. చల్లగా బిగుసుకున్న ఫోన్‌ని వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు, సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే బ్యాటరీ పాడవుతుంది. మ్యాప్‌నీ డబ్బా పేజీనీ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే సగం వాడకం తగ్గుతుంది. విడిగా జీపీఎస్ పరికరం ఉన్నవాళ్లు ఆల్కలైన్ సెల్స్ బదులు లిథియం సెల్స్ వేసుకోండి.

పెన్ను వద్దు, పెన్సిల్. మూత గడ్డకట్టి ఉంటే బలవంతం చేయకండి, రెండు చేతుల మధ్య పట్టుకుని కాసేపు వెచ్చబెట్టండి, రాకపోతే ఫోటో తీసి దాచినవాళ్లకి పంపండి. నీళ్ల సీసాని తలకిందులుగా పెట్టుకోండి. నీళ్లు గడ్డకట్టేది పైనుంచే కాబట్టి సీసా తిప్పేసరికి మూతి దగ్గర నీళ్లే ఉంటాయి. కుక్క మంచు తింటోంది కదా అని నీళ్లు మానేయకండి, ఆ మంచుని కరిగించడానికి దాని ఒంటి వేడే ఖర్చవుతుంది.

ప్రశ్న: మేం వెళ్లాలనుకున్న డబ్బా చెరువుకి అవతల ఉంది. చుట్టూ తిరిగితే రెండు కిలోమీటర్లు, చెరువు గడ్డకట్టింది కాబట్టి అడ్డంగా వెళితే మూడొందల మీటర్లు. వేరేవాళ్ల అడుగుజాడలు కూడా ఉన్నాయి. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొద్దు. చలికాలం మొదట్లో అయితే అసలు వెళ్లొద్దు.

మనిషి నడవడానికి కనీసం 10 సెంటీమీటర్ల మందం, అదీ గట్టిగా, తేటగా ఉన్న గడ్డ కావాలంటారు. అది చెరువంతా ఒకే మందంలో ఉండదు. నీళ్లు వచ్చే చోట, పోయే చోట, రెల్లు మొలిచిన చోట పల్చబడుతుంది. పైన మంచు కురిసి ఉంటే కింద ఏముందో కనబడదు, పైగా ఆ మంచు దుప్పటిలా కప్పి గడ్డ మందం పెరగకుండా ఆపుతుంది. అడుగుజాడలు నిన్నటివో మొన్నటివో, నిన్న మధ్యాహ్నం ఎండకి ఏమైందో మీకు తెలీదు.

కుక్కకి ఇవేవీ తెలియవు. అందుకే నీళ్లున్న చోట, అవి గడ్డకట్టినా కట్టకపోయినా, లీష్ తీయొద్దు. ఒకవేళ అది జారి పడిపోతే మీరు దాని వెనక వెళ్లకండి. ఇది చెప్పడం నాకూ కష్టంగానే ఉంది, ప్రాణంగా పెంచుకున్నదాన్ని చూస్తూ ఒడ్డున నిలబడటం ఎవరివల్లా కాదనిపిస్తుంది. కానీ దాన్ని మోయలేని గడ్డ మిమ్మల్ని అసలు మోయదు. చల్లటి నీళ్లలో పడిన మనిషికి మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, తర్వాత చేతులూ కాళ్లూ చెప్పిన మాట వినేది సుమారు పది నిమిషాలు. ఒడ్డునే ఉండి పేరు పెట్టి గట్టిగా పిలుస్తూ ఉండండి, ఎక్కడ లోపలికి పడిందో అటే తిరిగి ఎక్కేలా ప్రోత్సహించండి, వెంటనే ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయండి. పొడుగాటి కొమ్మ, తాడు అందించగలిగితే ఒడ్డు నుంచే అందించండి.

ఆ రెండు కిలోమీటర్లూ నడవండి. మీ కుక్క వచ్చిందే నడక కోసం.

ప్రశ్న: మా అమ్మాయికి, నాకు రోజూ ఇదే వాదన. మా కుక్కకి పన్నెండేళ్లు, కీళ్ల నొప్పులున్నాయి. చలికాలంలో దాన్ని ఇంట్లో వదిలేసి వెళదామని నేను, వదిలితే గుమ్మం దగ్గరే పడుకుని ఏడుస్తుంది కాబట్టి తీసుకెళదామని తను. ఎవరిది రైట్?

జవాబు: మీ ఇద్దరిలో మీ అమ్మాయి వైపే నేను మొగ్గుతున్నాను, కాకపోతే మీ భయాన్ని కూడా తీసిపారేయను. చలికి కీళ్లు బిగుసుకోవడం నిజం. అయితే ముసలి కుక్కని పూర్తిగా కదలనివ్వకపోతే కండరాలు కరిగిపోయి ఆ కీళ్లమీద బరువు ఇంకా పెరుగుతుంది. కొద్దికొద్దిగా, తరచుగా నడవడం దానికి కావాలి.

ముందు డాక్టర్‌కి ఒకసారి చూపించండి, నొప్పి మందులు చలికాలానికి సరిపోతున్నాయో లేదో అడగండి. మనం వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం దానికి ఎప్పుడూ వేయొద్దు, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కలకి విషం. తర్వాత దానికోసం విడిగా డబ్బాలు ఎంచుకోండి. టెరెయిన్ 1 అంటే సాధారణంగా చక్రాల కుర్చీలో కూడా చేరగలిగే చోటు అని, దానికంటే మీ కుక్కకి ఏం కావాలి? దారికి ఆనుకునే ఉండేది, ఒక్కటంటే ఒక్కటే, మధ్యాహ్నం ఎండ ఉన్న సమయంలో. ఇంట్లోనే ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిపించి ఒళ్లు వేడెక్కాక బయలుదేరండి. కారులోకి దూకనివ్వకండి, ఎత్తి పెట్టండి. గడ్డకట్టిన నేల మీద వెనక కాళ్లు విడిపోయి జారితే ముసలి కుక్క లేవలేదు, కాబట్టి అలాంటి రోజు వెళ్లకండి.

మీరు దూరపు డబ్బాలకి వెళ్లే రోజున దాన్ని ఇంట్లో వదలాల్సిందే, కారులో వదిలేసి వెళ్లడం కంటే అదే నయం. ఇంజన్ ఆపిన కారు చలికాలంలో ఫ్రిజ్‌లా తయారవుతుంది, మూడు డబ్బాలు చూసొచ్చేసరికి అది లోపల వణుకుతూ ఉంటుంది. వదిలి వెళ్లే రోజు పొద్దున్నే దాని చిన్న నడక దానికి అయిపోయేలా చూడండి.

మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి, అది గుమ్మం దగ్గర ఏడవడం నడక కోసమే కాదు, మీ ఇద్దరితో కలిసి వెళ్లడం కోసం. పావుగంట ప్రయాణమైనా దానికి సరిపోతుంది.

ప్రశ్న: సాయంత్రం ఆఫీసు అయ్యేసరికి చీకటి పడిపోతోంది. వారంలో ఒకరోజైనా వెళదామని ఉంది. కుక్కతో రాత్రిపూట ఫరవాలేదా? వేటగాళ్లు తిరిగే కాలమని కూడా అంటున్నారు.

జవాబు: వెలుతురున్న పార్కుల్లో, తెలిసిన దారుల్లో అయితే ఫరవాలేదు. కుక్క మెడకి లైటు వెలిగే కాలర్, మీ తలకి హెడ్‌ల్యాంప్, చేతిలో ఇంకో టార్చి. పార్కుల్లో చీకటి పడ్డాక మూసేసేవి చాలా ఉన్నాయి, ఆ వేళలు చాలాసార్లు డబ్బా పేజీలో రాసి ఉంటాయి, వాటిని గౌరవించండి.

వేటకి అనుమతి ఉన్న ప్రాంతాల్లో ఆ సీజన్ తేదీలు ముందే తెలుసుకుని, ఆ రోజుల్లో అడవి వైపు పోకుండా ఉండటమే మేలు. తప్పదంటే మీకూ కుక్కకీ మెరిసే నారింజ రంగు జాకెట్. గోధుమ రంగు కుక్క పొదల మధ్య కదిలితే దూరం నుంచి అది లేడి అనుకునే ప్రమాదం ఉంది. అన్నట్టు అడవి జంతువులకి ఇది గడ్డుకాలం, తిండి తక్కువ, ఉన్న కొవ్వుతోనే చలికాలం నెట్టుకురావాలి. కుక్క తరిమితే ఆ పరుగులో అవి పోగొట్టుకున్న శక్తి తిరిగి రాదు. లీష్ తీయకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

చలి కదా అని పిడుదుల మందు ఆపేశారేమో, ఆపకండి. ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు దాటిన రోజున కొన్ని రకాల పిడుదులు మళ్లీ తిరగడం మొదలుపెడతాయి.

ప్రశ్న: లాగ్ రాసేటప్పుడు కుక్క గురించి కూడా రాయొచ్చా? దానికి ట్రాకబుల్ బిళ్ల తగిలించొచ్చని విన్నాను, నిజమేనా?

జవాబు: నిజమే, చాలామంది తగిలిస్తారు. ఆ బిళ్లమీద ఒక కోడ్ ఉంటుంది, దారిలో కలిసిన తోటివాళ్లు దాన్ని చూసి మీ కుక్కని కలిశామని యాప్‌లో నమోదు చేసుకుంటారు. అయితే తప్పిపోతే దొరకడానికి అది పనికిరాదు. మీ ఫోన్ నంబరున్న బిళ్ల వేరేగా ఉండాలి, మైక్రోచిప్ వేయించి అందులో నమోదైన నంబరు ఇప్పటిదేనో కాదో ఈ వారంలోనే చూసుకోండి. మంచు కురిసే రోజుల్లో వాసనల జాడ కప్పుకుపోయి ఇంటిదారి తెలియక తిరిగే కుక్కలు ఉంటాయి.

లాగ్‌లో తప్పకుండా రాయండి, 'దొరికింది, థాంక్స్' అని వదిలేయకుండా. మంచు ఎంత లోతుంది, పార్కింగ్‌లో ఉప్పు చల్లారా, వాగు దాటాల్సి వచ్చిందా, కుక్క ఎక్కడ ఇబ్బంది పడింది, ఎంతసేపు వెతికారు. డబ్బా చోటు బయటపడే ఫోటో మాత్రం పెట్టొద్దు, కుక్క మొహం ఎంత ముద్దుగా వచ్చినా వెనకాల ఆ చెట్టు తొర్ర కనబడుతోందేమో చూసుకోండి. దొరక్కపోయినా, కుక్కకి చలేసి మధ్యలోనే వెనక్కి వచ్చేసినా 'దొరకలేదు' అనే లాగ్ పెట్టి కారణం రాయండి. వచ్చే వారం అదే డబ్బాకి తన పొట్టి వెంట్రుకల కుక్కని తీసుకెళ్లాలా వద్దా అని ఎవరో చూస్తుంటారు, వాళ్లకి కావాల్సింది ఆ లాగే.